మధ్యలో ఆడియో ఆగిపోలేదు



పోయిన నెల మేం ఈ గ్రూపులో ఒక ఆడియో పెట్టాం, గుర్తుందా? 1 నిమిషం 20 సెకన్లు. పిల్లంగోవి ఒక్కటే. డప్పు లేదు, తుడుం లేదు, కీబోర్డు లేదు, మాట లేదు. పెట్టిన గంటలో మీరు రాసినవాటిలో ఎక్కువ మూడే ప్రశ్నలు. ‘ఏ సినిమాలోది తమ్ముడూ?’ ‘బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఏదీ?’ ‘మధ్యలో ఆడియో ఆగిపోయింది, మళ్లీ పెట్టండి.’

అప్పుడు ఇంటర్నల్స్ నడుస్తున్నాయి, జవాబు ఇవ్వలేకపోయాం. ఇప్పుడు మూడింటికీ కలిపి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక ఉన్నప్పుడు చదవండి. మొదటి రెండు ప్రశ్నలకి జవాబు చిన్నదే. అది ఏ సినిమాలోదీ కాదు, మేమే కట్టాం. వెనక ఏమీ ఉండకూడదనే అలా కట్టాం. మూడో ప్రశ్నకి మాత్రం ఇదంతా చెప్పాలి.

మేం అంటే ముగ్గురం. హాస్టల్లో ఒకటే గది. పాడేరు ఏజెన్సీలో మూడు వేరే మండలాల నుంచి కిందికి దిగి టౌన్‌లో డిగ్రీ చదువుతున్నాం. మా మూడిళ్లలోనూ కాలేజీ గేటు దాటిన మొదటివాళ్లం మేమే. అడ్మిషన్ ఫారంలో ‘తల్లిదండ్రుల విద్యార్హత’ అన్న గడిలో ముగ్గురం ఒక్కలాంటి గీతే గీశాం. ఒకరింట్లో కువి మాట్లాడతారు, ఒకరింట్లో ఆదివాసీ ఒడియా, ఒకరింట్లో తెలుగు. రాత్రి కరెంటు పోయినప్పుడు ముగ్గురం కలిసి పాడదామంటే ముందు ఏ భాషలో అన్న దగ్గరే ఆగిపోయేది. సినిమా పాట అయితే ముగ్గురికీ వచ్చు. మన పాట అయితే ఒకడికి వస్తుంది, మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టాలి. పిల్లంగోవికి ఆ ఇబ్బంది లేదు. దానికి భాష లేదు, యాస లేదు. అలా మొదలైంది.

ఉన్నది ఒకటే గోవి. మా తాత చేసింది. వెదురు కోసి, పొయ్యి మీద అటకలో పొగకి ఎండబెట్టి, ఇనప చువ్వ ఎర్రగా కాల్చి బెజ్జాలు పెట్టాడు. ఒక చివర కణుపు అలాగే ఉంచేస్తే అదే మూత. ఊదేది ఒక బెజ్జం, వేళ్లు పెట్టేవి ఆరు. ఆ ఆరు బెజ్జాలూ ఎక్కడ పెట్టాలి అన్నదానికి తాత దగ్గర స్కేలు లేదు. తన వేళ్లు ఎక్కడ హాయిగా ఆనితే అక్కడ గుర్తు పెట్టుకుని కాల్చాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కిందికి వెళ్లాక అవసరం పడుతుంది.

మొదటి ఏడాది కాలేజీలో యువజనోత్సవం పెట్టారు. ‘ట్రైబల్ ఐటమ్ ఒకటి కావాలి, మీలో ఎవరికైనా ఏదైనా వచ్చా’ అని అడిగితే మేం చెయ్యెత్తాం. రిహార్సల్‌కి వెళ్తే అక్కడ కీబోర్డు ట్రాక్ రెడీగా ఉంది. దాని మీద ఊదమన్నారు. ఊదాం. మొదటి లైనులోనే కలవలేదు. ట్రాక్ ఒక ఎత్తులో ఉంటే మా గోవి ఇంకో ఎత్తులో ఉంది. రెండోసారి ఊదాం, మూడోసారి ఊదాం. ట్రాక్ నడిపే అతను హెడ్‌ఫోన్ తీసేసి ‘శ్రుతి లేదు తమ్ముడూ, ఇది బొమ్మ గోవి’ అన్నాడు. వెనక నుంచి ఎవరో ‘గేదెలు కాసుకునే గోవికి శ్రుతేంటి’ అన్నారు. అందరూ నవ్వారు. మేం కూడా నవ్వాం. నవ్వకపోతే ఇంకా ఎక్కువవుతుందని నవ్వాం. చివరికి మాకు ఆకుల డ్రెస్సు ఇచ్చి, గోవి పట్టుకుని ఊదుతున్నట్టు నటించమన్నారు, సౌండు ట్రాక్‌లోంచి వస్తుందట. ఆ రోజు ముగ్గురం జ్వరం అని చెప్పి గదిలో పడుకున్నాం.

చాలా రోజులు గోవి ట్రంకు పెట్టెలోంచి బయటికి తీయలేదు. మాలో ఇద్దరిది బీఎస్సీ. ఫిజిక్స్‌లో ధ్వని పాఠం వచ్చినప్పుడు సారు బోర్డు మీద ఒక లెక్క వేశాడు. 0 డిగ్రీల దగ్గర గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 331 మీటర్లు. ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. గొట్టంలో గాలి చల్లగా ఉంటే స్వరం దిగుతుంది, వెచ్చబడితే ఎక్కుతుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పుస్తకం వెనక పేజీలో లెక్క వేసుకున్నాం. గాలి 10 డిగ్రీలు ఉన్నప్పటికీ 30 డిగ్రీలు ఉన్నప్పటికీ స్వరంలో సుమారు మూడున్నర శాతం తేడా వస్తుంది. కీబోర్డు మీద ఒక మెట్టుకీ దాని పక్క మెట్టుకీ మధ్య తేడా సుమారు 6 శాతం. అంటే సగం మెట్టు కంటే ఎక్కువే. ఊదేకొద్దీ మన ఊపిరి గొట్టాన్ని వెచ్చబెట్టి కొంత సర్దుతుందిగానీ, పుష్యమాసం పొద్దున్న మన కొండ మీద ఊదే గోవీ, ఏప్రిల్‌లో టౌన్‌లో ఊదే గోవీ ఒక ఎత్తులో పలకవు.

ఇంకోటి, బెజ్జాలు. కీబోర్డులో మెట్లన్నీ ఒకే కొలతతో కట్టి ఉంటాయి. మా గోవిలో అవి తాత వేళ్ల కొలత. కాబట్టి ట్రాక్‌తో కలవకపోవడం మామూలే. కానీ దాని స్వరాలు దానిలో ఒకదానికొకటి ఎప్పుడూ ఒకేలా ఉన్నాయి. తాత ఊదినా, మేం ఊదినా ఆ వరస అదే. దాన్ని పక్కవాడి కొలతతో కొలిస్తేనే తప్పు కనపడుతోంది. పక్కన ఎవరూ లేకపోతే తప్పే లేదు. మాకు ఆ రోజు తట్టింది ఇంతే. అప్పటికి అది కోపమే, ఇంకా ఆలోచన కాలేదు.

వేసవి సెలవుల్లో ఊరెళ్లాం. ఈసారి పద్ధతిగా నేర్చుకోవాలని, తాత దగ్గర ఉన్న వరసలన్నీ ఫోన్‌లో రికార్డు చేసుకుని కాలేజీలో వాయిద్దామని. తాత మంచె మీద వాయించేవి వినిపించాడు. పోడులో పంట కాసేటప్పుడు రాత్రి నిద్ర రాకుండా ఊదుకునేవి. అవతలి మంచె మీదవాడికి ‘ఇక్కడ మేలుకునే ఉన్నాం’ అని తెలుస్తుందట. పశువుల్ని తోలుకొచ్చే వేళ ఊదేవీ వినిపించాడు. ఇంకో వరస కూడా ఉందని మాకు తెలుసు, చిన్నప్పుడు విన్నాం. చావు ఇంటి దగ్గర ఊదేది. అది ఊదమన్నాం.

తాత గోవి పక్కన పెట్టేశాడు. ‘ఏటిరా, అదెందుకు మీకు?’

‘కాలేజీలో ఊదుతాం తాతా. అందరికీ తెలియాలి కదా.’

‘అక్కడ ఎవరు సచ్చారు?’

మా దగ్గర జవాబు లేదు. తాతే కొంచెంసేపాగి అన్నాడు: ‘చావు దగ్గర ఊదింది పెళ్లి దగ్గర ఊదరు. మంచె మీదది అంగట్లో ఊదరు. మావి మోసుకెళ్లి ఏం చేత్తారు. మీకు ఊపిరి లేదా? మీవి మీరు కట్టుకోండి.’

మాకు మొదట బాధేసింది. ఇవ్వనన్నాడు అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఆయన ఇచ్చింది పెద్దదే. పాట కట్టడం అంటే ఎవరో సినిమావాళ్లు చేసే పని, లేకపోతే ఎప్పుడో పూర్వీకులు చేసేసిన పని అని మా లెక్క. మనం మధ్యలో ఉండి మోసేవాళ్లం అంతే అనుకునేవాళ్లం. కట్టే హక్కు మనకీ ఉందని మాకు చెప్పిన మొదటి మనిషి, సంతకం కూడా రాని తాత.

హాస్టల్‌కి తిరిగొచ్చాక మొదలుపెట్టాం. మొదటిది ఘోరంగా వచ్చింది. నాలుగు నిమిషాలు. అందులో ఒక పల్లవి, దాని మధ్యలో చరణం, మళ్లీ పల్లవి. పక్క గదివాళ్లు విని ‘ఏ పాటరా ఇది, తెలిసినట్టే ఉంది’ అన్నారు. తెలిసినట్టే ఉంటుంది మరి, మూడు సినిమా పాటల ముక్కలు అందులో ఉన్నాయి. మాకే తెలియకుండా వచ్చేశాయి. ఇంకో సంగతి, రెండో నిమిషం దాటాక వినేవాడికి విసుగు. పాటలో అయితే మాట మారుతుంది, డప్పు మారుతుంది. ఇక్కడ ఒకటే గొంతు, అదీ ఒకసారికి ఒకే స్వరం పలికే గొంతు. దాంతో నాలుగు నిమిషాలు నిలబెట్టడం కష్టం.

అప్పుడు మా ఇంగ్లీషు మేడంకి ఈ సంగతి చెప్పాం. ఆవిడ సంగీతం నేర్చుకున్నావిడ. ‘తోడు లేకుండా గాలి వాద్యం ఒక్కదాని కోసమే కట్టినవి ప్రపంచంలో చాలా ఉన్నాయి, వినండి’ అని ఫోన్‌లో కొన్ని పెట్టింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని ముగ్గురం ఒకే ఇయర్‌ఫోన్‌ని వంతులేసుకుని విన్నాం. జర్మనీలో టెలిమన్ అనే ఆయన 1732 ప్రాంతంలో ఒక్క ఫ్లూట్ కోసం 12 ఫాంటసీలు కట్టాడు. కింద ఆనుకోవడానికి ఇంకో వాద్యం లేదు. అవి విన్నప్పుడు ఇద్దరు ఊదుతున్నట్టు అనిపించింది. మళ్లీ విన్నాం. ఒక్కడే. కింది స్వరాలు ఒక మాట అంటాయి, వెంటనే పై స్వరాలు దానికి బదులిస్తాయి. అటూ ఇటూ గెంతుతూ ఒకే గోవిలోంచి ఇద్దరు మనుషుల్ని తెప్పించాడు.

ఫ్రాన్స్‌లో డెబుస్సీ 1913లో ‘సిరింక్స్’ అని ఒకటి కట్టాడు. మూడు నిమిషాలు ఉంటుందేమో. ఒక నాటకంలో తెర వెనక నుంచి వినిపించడానికి కట్టిందట. ఊదేవాడు కనపడడు. ఆ పేరు వెనక కథ మేడం చెప్పింది. గ్రీకుల పురాణంలో పాన్ అని ఒక దేవుడు. మేకల కాపరుల దేవుడు, ఆయన కాళ్లే మేక కాళ్లు. సిరింక్స్ అనే అమ్మాయి వెంట పడితే ఆ అమ్మాయి తప్పించుకోవడానికి ఏటి ఒడ్డున రెల్లుగా మారిపోతుంది. ఆయన ఆ రెల్లు కోసి గోవి చేసుకుంటాడు. ఇంగ్లండులో బ్రిట్టెన్ అనే ఆయన 1951లో ఓబో ఒక్కదాని కోసం ఆరు చిన్న ముక్కలు కట్టాడు. ఓబో అంటే మన మోరికి దూరపు చుట్టం లాంటిది. ఆ ఆరింటిలో మొదటిది మళ్లీ ఈ పాన్ గురించే. మాకు నవ్వొచ్చింది. అక్కడి పెద్ద పెద్దవాళ్లంతా పనిగట్టుకుని మేకల కాపరి గోవి గురించి కడుతున్నారు. ఇక్కడ మా గోవి గేదెల కాపరిదని నవ్వారు.

మాకు బాగా దగ్గరగా అనిపించింది మాత్రం జపాన్‌ది. షకుహాచి అంటారు. అదీ వెదురే. నిలువుగా పట్టుకుని ఊదుతారు, ఐదు బెజ్జాలు. బుట్ట లాంటి టోపీ మొహం మీదికి దించుకుని తిరిగే ఒక రకం సన్యాసులు దాన్ని ధ్యానం కోసం ఊదేవాళ్లు. వాళ్ల పాత వరసల్లో తాళం లెక్క ఉండదు. ఊపిరే లెక్క. ఒక ఊపిరి ఒక మాట. ఊపిరి అయిపోతే మాట అయిపోయింది. తర్వాత కొంచెంసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిదాన్ని కూడా వాళ్లు వరసలో భాగంగానే వింటారు. ఇది వినగానే మంచె మీద తాత ఎలా ఊదేవాడో గుర్తొచ్చింది. ఊది ఆపేవాడు. అవతలి మంచె నుంచి బదులు వస్తుందేమో వినడానికి ఆపేవాడు.

ఇక అక్కడి నుంచి మా పద్ధతి మారింది. ముందు ముగ్గురి ఊపిరీ కొలుచుకున్నాం. గోవి మీద ఒక స్వరం నిలబెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాం. ఒకడికి 14 సెకన్లు, ఒకడికి 11, మూడోవాడికి 8. మూడోవాడికి చిన్నప్పటి నుంచి రక్తం తక్కువ, మెట్లెక్కితేనే ఆయాసం. ‘నేను తప్పుకుంటానురా, మీరిద్దరూ ఊదండి’ అన్నాడు. అక్కడే మాకు ఒక సంగతి అర్థమైంది. ముందు వరస కట్టి తర్వాత ఊపిరి వెతుక్కోవడం తప్పు. ఎవరు ఊదుతారో వాళ్ల ఊపిరి చూసుకుని వరస కట్టాలి. 8 సెకన్ల ఊపిరికి 8 సెకన్ల మాట. అది చిన్న మాట అవుతుందేమో, తక్కువ మాట అయితే కాదు.

రాసుకోవడానికి స్వరలిపి మాకు రాదు. రికార్డు నోట్స్‌లో వెనక నుంచి మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. అన్ని బెజ్జాలూ మూస్తే 6, అన్నీ తెరిస్తే 0. అదే వేళ్లతో పెదాలు బిగించి ఊదితే పై వరసలోకి వెళ్తుంది కదా, దానికి అంకె మీద చుక్క. ఒక ఊపిరికి ఒక గీత, ఊపిరి ఎంత పొడుగో గీత అంత పొడుగు. ఊదకుండా ఆగాల్సిన చోట ఖాళీ గడి, లోపల ఎన్ని సెకన్లో. దసరాకి ఊరెళ్లినప్పుడు తాతకి చూపించాం. అంకెలు తెలియవు, గీతలు మాత్రం వేలుతో తడిమి చూశాడు. ఒక గీత దగ్గర ఆగి ‘ఇదెవరిది? నీదా? నీకు ఇంత ఊపిరి లేదు కదరా’ అన్నాడు. నిజమే. ఆ గీతని రెండు చేశాం.

అలా కడుతూ కడుతూ కొన్ని తెలిశాయి. గోవికి కింది స్వరం గట్టిగా అరవదు, పై స్వరం మెల్లగా మాట్లాడదు. కాబట్టి గుట్టుగా చెప్పాల్సింది కిందే చెప్పాలి, పిలవాల్సింది పైన పిలవాలి. ఇంకోటి, వినేవాడికి ఒక స్వరం ఇల్లులా ఉండాలి. ఎక్కడ తిరిగినా అప్పుడప్పుడు ఆ స్వరానికి వస్తుంటే, వెనక శ్రుతి పెట్టె లేకపోయినా చెవి దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. ఎక్కువసేపు రాకపోతే దారి తప్పినట్టుంటుంది. అలా తప్పించాలనుకుంటే తప్పించొచ్చు కూడా. మూడోది, చెప్పాల్సింది అయిపోగానే ఆపేయాలి. మా వాటిలో ఏదీ రెండు నిమిషాలు దాటదు. ‘సిగ్నల్ కొండ’ అని ఒకటి ఉంది, 50 సెకన్లు. ఫోన్ కలవడానికి గట్టు ఎక్కుతూ ఒక్కో మెట్టూ పైకి పోతుంది, పైన ఒక స్వరం రెండుసార్లు పలికి తెగిపోతుంది. ‘రేకుల మీద వాన’ అని ఒకటి, హాస్టల్ గురించి. ‘అడ్డాకులు’ అని ఒకటి, అమ్మ ఆకులు కుట్టే చేతి వేగంలో ఉంటుంది.

ఇప్పుడు ఆడియో సంగతి. దాని పేరు ‘డోలీ’.

రెండేళ్ల కిందట వానల్లో మా వదినకి నొప్పులొచ్చాయి. రాత్రి. అంబులెన్స్ రోడ్డు దాకానే వస్తుంది. ఊరి నుంచి రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు, మధ్యలో ఒక గెడ్డ. బొంగుకి దుప్పటి కట్టి, వదినని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుని నడిచాం. ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు. ఫోన్ లైటు పట్టుకుని అమ్మ ముందు. ఏజెన్సీలో ఉన్నవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మీలో చాలామంది మోసే ఉంటారు. కొందరు ఆ దుప్పట్లోనే పుట్టి ఉంటారు. వదిన బాగుంది, పాప బాగుంది. ఇప్పుడు పరిగెడుతోంది.

దీని మీద కట్టాలని మొదటి నుంచీ ఉంది, భయమేసి కట్టలేదు. కడితే 8 సెకన్ల ఊపిరివాడికే కట్టాలని అనుకున్నాం. ఎందుకంటే డోలీ మోసేవాడికి పొడుగు ఊపిరి ఉండదు. నాలుగు అడుగులకి ఒక ఊపిరి, ఎక్కుడు వస్తే రెండు అడుగులకి ఒకటి. అదే లెక్కతో కట్టాం. కింద రెండు స్వరాలు, అడుగు అడుగు అడుగు అడుగు, ఊపిరి. ముందుకెళ్లేకొద్దీ ఊపిరి పొట్టిదవుతుంది. చివర్లో పైన ఒక పొడుగు స్వరం, రోడ్డు మీద అంబులెన్స్ లైటు కనపడినట్టు. ఆపకుండా ఒకటే నడక. మాకు బాగా వచ్చిందనిపించింది. ఆయాసాన్ని బాగా పట్టుకున్నాం, వింటే కష్టం తెలుస్తుంది అనుకున్నాం.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు వదినకి వినిపించాం. వంటింట్లో చోళ్లు చెరుగుతోంది. చేట ఆపి వింది. అయిపోయాక ఏమీ అనలేదు. ‘ఎలా ఉంది వదినా?’ అని అడిగితే, ‘బాగుంది గానీ, అలా లేదు ఆ రాత్రి’ అంది.

‘ఎలా ఉంది మరి?’

‘మీ ఆయాసం వినపడుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది. మనుషులున్నారు, నడుస్తున్నారు అని. గెడ్డ దగ్గర కిందకి దింపి మీరంతా నీళ్లు చూడ్డానికి పోయారు చూడు. అప్పుడేం వినపడలేదు. ఒక్కరి ఊపిరి కూడా వినపడలేదు. నేను భయపడింది అప్పుడే.’

మేం ముగ్గురం నోరు మూసుకుని కూర్చున్నాం. ఆ రాత్రి గెడ్డ దగ్గర దింపిన సంగతి మాకు గుర్తే లేదు. మాకు అది రెస్టు. భుజం మార్చుకునే చోటు. మోసినవాళ్ల వైపు నుంచే మేం పాట కట్టాం. దుప్పట్లో ఉన్న మనిషి వైపు నుంచి ఆలోచించనే లేదు. మా ఆయాసం కష్టం అనుకుని చూపించాం. ఆమెకి అదే ధైర్యం.

హాస్టల్‌కి వచ్చి మొత్తం మార్చాం. అడుగుల స్వరాలు అంతకుముందు గట్టిగా, ఎగదోస్తున్నట్టు ఉండేవి. వాటిని మెత్తగా, సమంగా చేశాం, ఎవరో పక్కన ఉన్నట్టు. సగం దాటాక, ఒక ఊపిరి మధ్యలో, ఇంటి స్వరానికి రాకుండానే ఆపేశాం. ఖాళీ గడి. లోపల 7 అని రాశాం. ఏడు సెకన్లు. తర్వాత మళ్లీ అవే అడుగులు, అంతే. చివర పొడుగు స్వరం తీసేశాం. రోడ్డు వచ్చిందో లేదో వినేవాళ్లే అనుకోవాలి.

మధ్యలో ఆడియో ఆగిపోలేదన్నమాట. ఆ ఏడు సెకన్లు మా వదినవి.

డప్పో ట్రాకో పెట్టి ఉంటే ఆ ఏడు సెకన్లు ఉండేవి కావు. వెనక ఏదో ఒకటి మోగుతూనే ఉండేది. తోడు ఉన్న వాద్యం ఆగితే దాన్ని విరామం అంటారు. ఒక్క గోవి ఆగితే నిజంగానే ఎవరూ లేరు. ఇది గోవి ఒక్కటే చెప్పగలిగే మాట. శ్రుతి లేదు, తోడు లేదు, ఊపిరి తక్కువ అని మమ్మల్ని అన్నవి మూడూ ఈ ముక్కకి పనికొచ్చాయి.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం రోజు విద్యార్థులంతా కలిసి చిన్న సభ పెట్టారు, మమ్మల్ని ఊదమన్నారు. ఊదాలా వద్దా అని ఆలోచించాం. తాత మాట గుర్తుంది, దేన్ని ఎక్కడ ఊదాలో అక్కడే ఊదాలి. ఇది మాకు జరిగింది కాదు, వదినకి జరిగింది. ఫోన్ చేసి అడిగాం. సిగ్నల్ కోసం ఆమె గట్టెక్కి మాట్లాడింది. ‘ఊదండి. నా పేరు చెప్పొద్దు. డోలీ అని చెప్పండి, చాలు’ అంది.

అలాగే చెప్పాం. ఆకుల డ్రెస్సు లేదు, రోజూ వేసుకునే షర్టులే. మాలో 8 సెకన్లవాడు ఊదాడు. మధ్యలో ఆగాడు. రెండో సెకనులో ఎవరో అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. మైకు కుర్రాడు వైరు ఊడిందేమోనని స్టేజీ మీదికి పరిగెత్తుకొచ్చి మైకు తట్టాడు. చప్పట్లు ఆగిపోయాయి. అప్పుడు నిజంగా ఏమీ లేదు, ఫ్యాన్ చప్పుడు తప్ప. మావాడు లెక్క తప్పకుండా ఏడు దాకా ఉండి మళ్లీ మొదలుపెట్టాడు. దిగాక ఒక పెద్దావిడ వచ్చి, పాట బాగుందని గానీ బాలేదని గానీ అనలేదు. ‘మీ ఊరికి రోడ్డు పడిందా బాబూ?’ అని అడిగింది. ‘ఇంకా లేదమ్మా’ అన్నాం. ‘మాకూ లేదు’ అంది.

ఆ ఆడియోనే మీకు పంపింది. పేరు రాయడం మరిచిపోయాం, తప్పు మాదే.

చివరగా రెండు మాటలు. ఈ గ్రూపులో చాలామంది ఊర్లో పెద్దవాళ్ల వరసలు రికార్డు చేసి పెడుతున్నారు. మంచి పనే. కానీ పెట్టేముందు అడగండి, ఇది ఎక్కడ ఊదేది, అందరూ వినొచ్చా అని. కొన్ని ఒద్దంటారు. ఒద్దంటే ఒద్దు. దాని బదులు మీది మీరు కట్టండి. పది బెజ్జాల ఖరీదైన ఫ్లూట్ అక్కర్లేదు. సంతలో దొరికే గోవి చాలు, నోటితో ఈల వచ్చినా చాలు. ముందు మీ ఊపిరి ఎన్ని సెకన్లో కొలుచుకోండి. దానికి సరిపడా ఒక్క మాట కట్టండి. రెండో ఊపిరికి దానికి బదులు కట్టండి. ఆ తర్వాత, మీరు ఎవరి గురించి కట్టారో వాళ్లకే ముందు వినిపించండి. మేం ఆ పని ఆలస్యంగా చేశాం.

మీరు కట్టినవి ఇక్కడ పెట్టండి. మధ్యలో ఆగితే మళ్లీ పెట్టమని అడగం. ఆగి వింటాం.

జోహార్.

మేం ముగ్గురం, హాస్టల్ గదిలోంచి.